అభిప్రాయాల పుస్తకంలో పోయిన పేటెంటు

మా కాలేజీలో ఒక లెక్చరరు జీడిపిక్కలు కోసే మెషిన్ కనిపెట్టారు. దానికి పేటెంటు వచ్చింది, తర్వాత రద్దయింది. ఎందుకు రద్దయిందని మా వైపు కాలేజీల్లో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. "ఆవిడే గొప్పకి పోయి, అప్లికేషన్ పెట్టకముందే అందరికీ చూపించేసుకుందండీ" అంటారు. ఆ మాట నిజం కాదు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, ఆ మాట పుట్టించింది నేనే.

నాకిప్పుడు యాభై ఆరేళ్లు. రాజమండ్రికి దగ్గర్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి కిందటేడు మానేశాను. చివరి ఏడేళ్లు పేటెంట్ సెల్ నా చేతిలో ఉంది. ఈ మధ్య ప్రతి కాలేజీలోనూ అలాంటి గది ఒకటి తెరుస్తున్నారు. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి ఒక బోర్డు, ఒక బీరువా, ఒక కంప్యూటరు, దాని ముందు కూర్చోవడానికి నాలాంటివాడు. ఆ కుర్చీలో కొత్తగా కూర్చోబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ఆ ఉద్యోగం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అప్లికేషన్ పడేదాకా అందరి నోరూ మూయించాలి. పడ్డాక, ఎవరైనా దాన్ని కాజేయబోతే మనం నోరు విప్పాలి. నేను రెండూ తిరగేసి చేశాను.

మేడమ్ గురించి ముందు చెప్పాలి. మెకానికల్ పాఠాలు చెప్పేవారు. గట్టిగా మాట్లాడేవారు కాదు కానీ, ఒకసారి అడిగిన ప్రశ్న జవాబొచ్చేదాకా వదిలేవారు కాదు. స్టూడెంట్ల ప్రాజెక్టు పని మీద జంగారెడ్డిగూడెం అవతల ఒక జీడిపప్పు షెడ్డుకు వెళ్లినప్పుడు, అక్కడ పిక్కలు కోసే ఒకావిడ రేషన్ దుకాణం నుంచి ఖాళీ సంచీతో తిరిగొచ్చిందట. వేలిముద్ర పడలేదు. పిక్క తొక్కలోంచి కారే జీడి రసం వేళ్లను కాల్చి కాల్చి గీతలన్నీ చెరిపేసింది. వేలిముద్రల మెషిన్ మీద పది వేళ్లూ పెట్టించి చూసి, డీలరు రేపు రమ్మన్నాడు. రేపటికి వేళ్ల మీద గీతలు మొలవవు కదా! మేడమ్ ఆవిడ చేతులు పట్టుకుని చూశారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఇంకో పని పెట్టుకోలేదు.

మేడమ్ తయారుచేసిన మెషిన్ బల్ల మీద పట్టేంత ఉంటుంది. జీడిపిక్క వంకరగా ఉంటుంది కనక మామూలు కత్తి తగిలితే లోపలి పప్పు బద్దలవుతుంది. బద్దకు ధర ఉండదు, గుండు పప్పుకే ధర. పిక్కను దాని వంపు వెంటే పట్టుకుని తనంతట తనే తిరిగి సర్దుకునే ఒక పట్టు తయారు చేశారావిడ. మనిషి వేలు పిక్కను తాకనక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు, కాలితో తొక్కితే చాలు. షెడ్డుల్లోని ఆడవాళ్ల సంఘాలకు తక్కువలో చేయించి ఇవ్వాలని ఆవిడ పట్టుదల. పేటెంటు ఎందుకంటే, ఏ పెద్ద కంపెనీయో దాన్ని లాక్కుని వీళ్లకు అందకుండా చేస్తుందన్న భయం. ఆ భయం అక్షరాలా నిజమైంది.

కాగితాలన్నీ జూన్ చివరికి సిద్ధమయ్యాయి. పేటెంట్ వ్యవహారాలు చూసే మా వకీలు చెన్నై నుంచి ఫోన్ చేసి, ఈ వారమే వేసేద్దామన్నారు. నేను ఫైలు పట్టుకుని మా సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాను. కాలేజీ నడిపే కమిటీకి ఆయన సెక్రటరీ. టౌన్లో పెద్ద వ్యాపారం. ఆయన క్యాలెండరు వైపు చూసి ఫైలు మూసేశారు.

"ఆషాఢం వచ్చేసింది కదయ్యా. ఇంత మంచి పని ఆషాఢంలో మొదలెడతామా ఏంటి? శ్రావణం రానీ. శుక్రవారం చూసి వేసేద్దాం."

"వకీలు గారు తొందర పెడుతున్నారండీ."

"ఆయనది మద్రాసు. ఆయనకేం తెలుసు మన పద్ధతులు?"

నేను నవ్వి ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేశాను. పేటెంట్ ఆఫీసుకు ఆషాఢం లేదని, అక్కడ ఎవరు ముందు వేస్తే వాళ్లదే తేదీ అని చెప్పాల్సింది నేను. అందుకే నాకు జీతమిచ్చేది. చెప్పలేదు.

ఆ ఆషాఢంలోనే ఒకరోజు సెక్రటరీ గారు ఫోన్ చేశారు. జీడిపప్పు ఫ్యాక్టరీలకు మెషిన్లు తయారు చేసే ఒక కంపెనీ యజమాని రేపు వస్తున్నారనీ, మన మేడమ్ గారి మెషిన్ చూపించమనీ చెప్పారు. "మనవాడేనయ్యా. నచ్చితే ఆయనే తయారు చేయించి పెడతాడు. కొత్త బ్లాకుకి కూడా ఏదో ఇస్తానన్నాడు" అన్నారు.

ఇది వినగానే మేడమ్ నా గదికి వచ్చారు.

"అప్లికేషన్ పడకుండా బయటివాళ్లకి చూపించకూడదన్నారు కదండీ మీరే?"

"కాగితం మీద సంతకం తీసుకుంటే ఇబ్బంది లేదండీ. చూసింది బయట చెప్పనని రాసి ఉంటుంది. నా దగ్గర ఫారం ఉంది."

"అయితే ఆ సంతకం అయ్యాకే నేను మెషిన్ మీద గుడ్డ తీస్తాను. నాకు చెప్పండి."

మరునాడు ఆయన వచ్చారు. తెల్లటి చొక్కా, నుదుటి మీద కుంకుమ, మెత్తటి మాట. కారు దిగుతూనే నా చేతిలో విస్తరాకు పొట్లం పెట్టారు. "అన్నవరం నుంచే వస్తున్నానండీ. స్వామివారి ప్రసాదం. వేడిగా ఉంది, ఇప్పుడే నోట్లో వేసుకోండి." ఆ ప్రసాదం సంగతి మీకు తెలుసు. నెయ్యి ఓడుతూ ఉంటుంది. నేను నిలబడి తింటున్నాను. ఫారం నా టేబుల్ సొరుగులో ఉంది. నెయ్యి చేతులతో దాన్నెలా తీయడం? చేతులు కడుక్కొచ్చేసరికి సెక్రటరీ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ల్యాబ్ వైపు నడిపించుకుపోతున్నారు. దేవుడి ప్రసాదం పెట్టిన మనిషిని పట్టుకుని "మీరు మోసం చేయనని సంతకం పెట్టండి" అనడం మా గోదావరి మర్యాద కాదు. వెళ్లేటప్పుడు కాఫీ ఇచ్చి, పనిలో పనిగా తీసుకుందాంలే అనుకున్నాను.

ల్యాబ్ గుమ్మంలో మేడమ్ నా వైపు చూశారు. "అయిందా అండీ?" అని మెల్లిగా అడిగారు.

"అయిపోయిందండీ" అన్నాను.

మా ఆఫీసు భాష తెలియనివాళ్లకు ఒక మాట. మా దగ్గర "అయిపోయింది" అంటే "అయిపోతుంది" అని. బిల్లు అయిపోయిందంటే రేపో మాపో అవుతుందని, ట్రాన్స్‌ఫర్ అయిపోయిందంటే ఎవరితోనో మాట్లాడామని. ఆఫీసుల్లో పెరిగిన మాకు ఇది తప్పనిపించదు. పాపం, మేడమ్ ల్యాబులో పెరిగిన మనిషి. అక్కడ అయిందంటే అయినట్టే. ఆవిడ గుడ్డ తీశారు.

ఆయన అరగంట చూశారు. పట్టును వేలితో తిప్పి తిప్పి చూశారు. స్ప్రింగు ఎక్కడ, ఎంత వంపు, ఏ ఉక్కు అని అడిగారు. మేడమ్ అన్నీ చెప్పి, చివర్లో నా ముందే, ఈ రెండు చెవులూ వినగా అన్నారు: "ఇది ఇంకా బయటికి రాలేదండీ. మన మధ్యే ఉండాలి."

ఆయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టారు. "ఎంత మాటండీ! నేనేమన్నా పరాయివాణ్ణా? ఇక్కడ చూసింది ఇక్కడే మర్చిపోతాను, ఆయ్."

ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. పేటెంటు ప్రాణం ఈ రెండు మాటల్లోనే ఉంది. అవి విన్నవాళ్లం సెక్రటరీ గారూ నేనూ.

కాఫీ దగ్గర ఫారం తీద్దామనుకున్నాను. ఈలోగా సెక్రటరీ గారు, "పుస్తకం తేవయ్యా, పుస్తకం!" అన్నారు. మా కాలేజీకి పెద్దవాళ్లెవరొచ్చినా నాలుగు మంచి మాటలు రాయించుకునే అభిప్రాయాల పుస్తకం ఒకటుంది. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు. అందులో రాయమనడం గౌరవం. ఫారం మీద సంతకం అడగడం అవమానం. నేను పుస్తకం తెచ్చాను.

"ఏం రాయమంటారండీ?" అన్నారాయన కలం మూత తీస్తూ.

నా నోరు ఊరుకుందా? "మెషిన్ ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా రాయండి సార్. కమిటీవాళ్లు చదివి సంతోషిస్తారు" అన్నాను.

ఆయన వివరంగానే రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. పట్టు ఎలా తిరుగుతుందో, కత్తులు ఎటునుంచి తగులుతాయో, పప్పు ఎందుకు విరగదో పేజీ నిండా రాసి, కింద తేదీ వేసి సంతకం చేశారు. నేను దాన్ని ఫోనులో ఫొటో తీసి ఆ సాయంత్రమే కాలేజీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. మొదటి చప్పట్లు ఆయనవే.

అప్లికేషన్ శ్రావణ శుక్రవారం నాడు పడింది. పసుపు, కుంకుమ పెట్టి మరీ పంపాం.

పేటెంటు రావడానికి మూడేళ్లు పట్టింది. వచ్చిన వారం కాలేజీలో స్వీట్లు పంచారు. ఆ తర్వాత కొన్ని నెలలకే రాజమండ్రిలో ఒక ఎగ్జిబిషన్లో ఆ పెద్దమనిషి కంపెనీ స్టాల్లో ఒక మెషిన్ కనిపించింది. రంగు వేరు. మోటారు తగిలించారు. పట్టు మాత్రం అదే పట్టు. మేడమ్ దాని ముందు చాలాసేపు నిలబడి, "ఆ వంపు కొలత నాకు పదకొండోసారికి కుదిరిందండీ. వీళ్లకి మొదటిసారికే కుదిరింది" అన్నారు.

కాలేజీ తరఫున నోటీసు వెళ్లింది. జవాబుగా వాళ్లు ఎదురు తిరిగారు. పేటెంటు వచ్చిన ఏడాదిలోపు దాని మీద అభ్యంతరం పెట్టొచ్చు. ఇది కొత్త సంగతి కాదు, అప్లికేషన్ పడకముందే బయటపెట్టేశారు, కాబట్టి రద్దు చేయండి అన్నది వాళ్ల అభ్యంతరం. సాక్ష్యం ఏమిటో మీరు ఊహించే ఉంటారు. మా ఎర్ర పుస్తకంలో ఆయన ముత్యాల అక్షరాలు, మా ఫేస్‌బుక్ పేజీలో నేను పెట్టిన ఫొటో. మేడమ్ నమ్మి చూపిస్తే, ఆయన ఆ చూపించడాన్నే నేరం చేశారు. ఇంటికి పిలిచి అన్నం పెడితే, వీళ్ల తలుపులు తీసే ఉన్నాయని దొంగతనానికి సాకు చెప్పినట్టు.

మా వకీలు గారికి అప్పటికీ ఆశ ఉంది. నాకు విడిగా ఫోన్ చేశారు. "ఆయన రహస్యంగా ఉంచుతానని ఒప్పుకున్నాకే చూశాడని తేలితే, ఆ పుస్తకం మనకు వ్యతిరేకం కాదండీ. మాట తప్పి బయటపెట్టింది ఆయనవుతాడు. మీ ఫేస్‌బుక్ పోస్టు సంగతి నేను వాదించుకుంటాను. సంతకం చేసిన కాగితం ఉందా? లేకపోతే, నోటిమాటగా ఒప్పుకున్నాడని విన్నవాళ్లెవరైనా అఫిడవిట్ ఇచ్చినా చాలు."

ఫోన్ పెట్టేసి సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి కొత్త బ్లాకు గోడలు లేస్తున్నాయి. శిలాఫలకం మీద ఆ పెద్దమనిషి పేరు చెక్కేశారు.

"అఫిడవిట్ ఇస్తే, మరి కాగితం ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. అప్పుడు నీ పీక మీదకి వస్తుంది" అన్నారాయన. "ఆవిడది పర్మనెంటు ఉద్యోగం. ఏమీ కాదు. నీది కాంట్రాక్టు, జూన్లో రెన్యువల్. ఆలోచించుకో. నాకైతే ఆ రోజు ఎవరేమన్నారో అసలు గుర్తే లేదు."

హియరింగ్ కంప్యూటర్ తెర మీద జరిగింది. మా కాన్ఫరెన్స్ హాల్లో మేడమ్, పక్కన నేను. తెర మీద పేటెంట్ ఆఫీసు అధికారి, రెండు పక్షాల వకీళ్లు. ఎర్ర పుస్తకం పేజీ తెర నిండా వచ్చింది. అధికారి అడిగారు: "ఆ రోజు వచ్చినవారికి రహస్యం పాటించాలన్న షరతు ఏమైనా ఉందా?"

"ఉందండీ. ముందే సంతకం తీసుకున్నారు" అన్నారు మేడమ్. అని, కాగితం ఇవ్వమన్నట్టు నా వైపు చెయ్యి చాపారు.

ఖాళీ ఫారం నాలుగేళ్లుగా నా సొరుగులోనే ఉంది. నాకు తెలుసు. "ఫైల్లో చూడాలి సార్" అన్నాను.

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆవిడ దాన్ని మెల్లిగా ఒళ్లోకి తీసుకున్నారు. ఆవిడకు అప్పుడే అంతా అర్థమైపోయిందని నా అనుమానం.

ఫైల్లో ఏముంటుంది? పేటెంటు రద్దయింది. అంతటితో ఆగినా బాగుండేది. కాలేజీ కమిటీ విచారణ వేసింది. రిపోర్టు రాసింది నేను. "ఆవిష్కర్త నిబంధనలు పాటించక, తనంతట తానుగా బయటివారికి యంత్రాన్ని ప్రదర్శించిన అజాగ్రత్త వల్ల" అన్న వాక్యం నా సొంతం. కింద నా సంతకం ఉంది. జూన్లో నా రెన్యువల్ అయింది. నిజంగానే అయింది. మేడమ్‌కు రావాల్సిన ప్రొఫెసర్ పోస్టు ఆ రిపోర్టు చూపించి ఆపేశారు. షెడ్డులకు మెషిన్లు చేయించే ప్రాజెక్టు మూసేశారు.

ఇక ఆ కంపెనీ ఏం చేసిందో వినండి. ఈ పట్టు కొత్తది కాదు, అందరికీ తెలిసిందేనని వాదించి మేడమ్ పేటెంటు కొట్టేయించింది కదా? అదే పట్టుకు ఇంకో స్ప్రింగు తగిలించి, ఇది మేము కనిపెట్టిన సరికొత్త పట్టు అని తన పేరున అప్లికేషన్ వేసింది. మేడమ్‌కు నమూనాలు చేసిపెట్టిన రాజమండ్రి వెల్డింగ్ షాపతనికి వకీలు నోటీసు పంపింది. పేటెంటు రాకుండా ఒట్టి అప్లికేషన్ మీద ఎవరినీ ఆపే హక్కు లేదని ఆ షాపతనికేం తెలుసు? "మనకెందుకండీ కోర్టులు" అని అచ్చులన్నీ పాత ఇనుముకు వేసేశాడు. ఆవిడ చేస్తే పాతది, ఆయన చేస్తే కొత్తది! లెక్చరర్ల తెలివి ఊరుమ్మడి గడ్డి, ఎవరి పశువైనా మేయొచ్చనుకునేవాళ్లు మన ఊళ్లలో పెద్దమనుషులుగా చలామణి అవుతున్నారు. కాపలా కాయాల్సిన తలుపు వాళ్లకు తీసి పట్టుకునేది మాత్రం నాలాంటివాళ్లే. ఆయన మీద నాకెంత కోపం వచ్చినా అది నా దగ్గరికొచ్చి ఆగుతుంది.

ఉద్యోగం మానేశాక, ఈ ఏడాది వేసవిలో ఒక పెళ్లికని జంగారెడ్డిగూడెం వెళ్లాను. బంధువుల ఇంటికి జీడిపప్పు కొందామని ఎవరో ఒక షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని చేతులతోనే పిక్కలు కోస్తున్నారు. ముందుగా ఆముదం రాసుకుని, తర్వాత బూడిద అద్దుకుని. నల్లబడ్డ వేళ్లు. ఒక పెద్దావిడను పలకరించాను.

"మెషిన్ వచ్చిందన్నారు కదమ్మా, మీకు రాలేదా?"

"ఆ కంపెనీ మెషినా బాబూ? అది పెద్ద ఫ్యాక్టరీలోళ్లకేనండీ. మాకెక్కడ వస్తది?" అంది చెయ్యి ఆపకుండా. "కాలేజీ మేడం గారు మాకు చేసి పెడతానన్నారు. పాపం, ఇక్కడికొచ్చి మా పక్కనే కింద కూర్చునేవోరు."

"మరేమైంది?"

"ఏమైందంటే ఏం చెప్తామండీ. పేరు కోసం ముందే అందరికీ చూపించేసుకున్నారంట. ఆవిడ గొప్పకి మా నోట్లో మట్టి పడిందని మా సంఘంలో అంటారు. నాకైతే ఆవిడ అలాంటి మనిషనిపించలేదండీ. కానీ కాలేజీవోళ్లే కాగితం మీద రాసిచ్చారంట కదా? కాగితం అబద్ధం చెప్తదా?"

పప్పు కొనకుండానే వచ్చేశాను. నేను రాసిన వాక్యం నాకంటే ముందు అక్కడికి చేరింది. మేడమ్ ఎవరి కోసం నాలుగేళ్లు కష్టపడ్డారో వాళ్ల నోటితోనే ఆవిడను తిట్టించింది.

మరునాడే మేడమ్ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, ఒక క్షణం చూసి, లోపలికి రమ్మన్నారు. మంచినీళ్లిచ్చారు. నేను అంతా చెప్పాను. ఖాళీ ఫారం, సెక్రటరీ గారి మాట, రిపోర్టు, షెడ్డులో విన్నది.

"నన్ను క్షమించండి మేడమ్" అన్నాను.

"అది తర్వాత చూద్దాం లెండి" అన్నారు. "వాళ్ల అప్లికేషన్ ఇంకా పరిశీలనలోనే ఉందండీ. నా మెషిన్ చూసి కాపీ కొట్టారని నేను అభ్యంతరం పెడుతున్నాను, నా సొంతంగా. అది ఆగితే షెడ్డులవాళ్లకి ధైర్యంగా చేయించి ఇవ్వొచ్చు. ఆ రోజు ల్యాబ్‌లో ఆయన ఏమన్నాడో విన్న మనిషి నాకు కావాలి. అప్పుడివ్వని అఫిడవిట్ ఇప్పుడిస్తారా?"

"ఇస్తానండీ."

"మీ రిపోర్టు సంగతి కూడా అందులో ఉండాలి. కాలేజీవాళ్లు మీ మీద కేసు పెట్టొచ్చు."

"పెట్టనివ్వండి."

ఇంటికొచ్చి మూడు రోజులు కూర్చుని రాశాను. రెండు పేజీలైంది. స్టాంపు కాగితం మీద టైపు చేయించేముందు, మేడమ్‌కు చిత్తుప్రతి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివారు. ల్యాబ్‌లో జరిగిన సంభాషణ దగ్గర తల ఊపారు. పుస్తకం, ఫొటో సంగతి చదివి పేజీ తిప్పారు. రెండో పేజీలో ఆగారు.

"హియరింగ్‌లో నేను విన్నది చెప్పకుండా దాచడం, తదుపరి నివేదికలో ఆవిష్కర్తను బాధ్యురాలిగా పేర్కొనడం నా పొరపాటు" అని నేను రాసిన వాక్యం అది.

"పుస్తకంలో రాయించడం పొరపాటే" అన్నారు. "ఫారం తీయకపోవడం కూడా పొరపాటే, ఒప్పుకుంటాను. నేను కూడా కాగితం కళ్లతో చూడకుండా గుడ్డ తీశాను. కానీ ఇది పొరపాటు కాదండీ. తెలిసే చేశారు. ఆ మాట మార్చండి."

కలం ఇచ్చారు. పొరపాటు కొట్టేశాను. దాని స్థానంలో ఏ మాట రాయాలో నాకు తెలుసు, అయినా కలం ఆగింది. ఆవిడ తొందర పెట్టలేదు. వంటింట్లోకి వెళ్లి పాలు పొంగకుండా చూసి వచ్చి, మళ్లీ ఎదురుగా కూర్చున్నారు.

"ద్రోహం" అని రాశాను.

ఆవిడ కాగితం తన వైపు తిప్పుకుని చదివి, ఇప్పుడు టైపు చేయించమన్నారు.